బొంగురు గొంతు పెడల్

గిటారు మాస్టారు పెడల్‌ను కౌంటరు అద్దం మీద పెట్టిన తీరులోనే తేడా తెలిసిపోయింది. ఎప్పుడూ దాన్ని పాత మఫ్లరులో చుట్టుకొచ్చి, నిద్రపోతున్న పసిపిల్లను పక్క మీదకు దించినట్టు దించేవారు. ఆ సోమవారం పొద్దున మఫ్లరు లేదు. ఇనప డబ్బా ఠక్కుమని అద్దానికి కొట్టుకుంది.

"లోపలివి మార్చేశారు," అన్నారు.

వాయిద్యాల కొట్టులో అప్పటికి ఇద్దరున్నారు. గిటారు తీగల ప్యాకెట్లు తిరగేస్తున్న కాలేజీ అమ్మాయి ఒకరు, కీబోర్డును దుప్పట్లో చుట్టి తెచ్చిన పెద్దమనిషి ఒకరు. ఇద్దరూ తల తిప్పి చూశారు. కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో కొట్టు యజమాని కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక, నడుమెత్తు చెక్క అడ్డుకు అవతల, రిపేరు బల్ల దగ్గర ఆయన మరదలు ఉంది. తొమ్మిదేళ్లుగా ఆ బల్ల ముందే కూర్చుంటోంది కనుక ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి జనం మర్చిపోయారు. ఊళ్లో గిటారు పట్టిన ప్రతివాళ్లకూ ఆమె టంకం అక్కే. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అని పిలుస్తుంటే మొదట్లో ఉడుక్కునేది. తర్వాత అదీ అలవాటైపోయింది.

మాస్టారి పెడల్ చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. గిటారుకీ, దాని శబ్దం పెంచే యాంప్‌కీ మధ్య నేల మీద పెట్టుకుని కాలితో నొక్కే చిన్న డబ్బా. నొక్కగానే గిటారు శుభ్రమైన గొంతు కాస్తా బొంగురుపోయి గరగరలాడుతుంది. ఫజ్ పెడల్ అంటారు. తెలియనివాళ్లు యాంప్ పాడైపోయిందేమో అనుకుంటారు. తెలిసినవాళ్లు మాత్రం తమకు కావలసిన ఆ ఒక్క గరగర కోసం సగం జీవితం వెతుక్కుంటారు. మాస్టారికి అది ఏడేళ్ల కిందట దొరికింది. దొరికిన రోజే డబ్బా అడుగున మరమేకుల మీద నల్ల టేపు అంటించి, మళ్లీ ఎవరూ విప్పకూడదని పట్టుబట్టారు. విప్పితే గొంతు పోతుందని ఆయన నమ్మకం. ఆ మాట ఆయన ఒక్కరిదే కాదు, పెడల్స్ వాడేవాళ్లలో నూటికి తొంభై మంది అలాగే నమ్ముతారు.

కాలి స్విచ్చి టపటపమని సతాయించబట్టి పోయిన వారం గత్యంతరం లేక తెచ్చిచ్చారు. టంకం అక్క టేపు తీసి, విప్పి, స్విచ్చి మార్చి, వదులైన ఒక తీగకు టంకం వేసి శుక్రవారం ఇచ్చేసింది. ఇప్పుడు ఆయన చెప్పేదేమిటంటే, డబ్బా తనదే కానీ లోపలి పేగులు వేరేవి. దాని ప్రాణమంతా బఠాణీ గింజంతేసి ఉండే రెండు పాతకాలపు జెర్మేనియం ట్రాన్సిస్టర్లలో ఉంది. ఇప్పుడవి ఎంత వెతికినా దొరకవు. శని, ఆదివారాలు రెండు రోజులూ వాయించి చూశారు. మెత్తగా గొంతు జీరపోయినట్టు పలికే పెడల్ ఇప్పుడు రేకు మీద మేకు గీసినట్టు కీచుమంటోంది. వచ్చే శనివారం టౌన్ హాల్లో ప్రోగ్రాం ఉంది.

ఇదంతా ఆయన యజమానికే చెప్పారు. చెక్క అడ్డు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"మీ మరదలు మంచివి తీసుకుని, చూడటానికి అలాగే ఉండే చవకవి పెట్టింది. దీన్ని దొంగతనం అనక ఏమంటారు?"

టంకం అక్క లేచి నిలబడింది. టంకం వేసే ఐరన్‌ను స్టాండులో పెట్టింది. నోరు తెరిచేలోపే బావ తన వీపు వెనక చెయ్యి పెట్టి, అరచేయి కిందికి తిప్పి, కూర్చో కూర్చో అన్నట్టు రెండుసార్లు ఊపాడు. కౌంటరు ఇవతల ఉన్నవాళ్లకు ఆ చెయ్యి కనబడదు. ఆమెకు మాత్రమే కనబడుతుంది.

"మాస్టారూ, క్షమించండి," అన్నాడు బావ. "ఏదో పొరపాటు జరిగిపోయింది. మా మరదలి తరఫున నేను అడుగుతున్నాను. పెడల్ ఇక్కడ ఉంచండి, గురువారం బయటూరు మెకానిక్‌కి పంపించి బాగు చేయిస్తాను."

టంకం అక్కకు తల కొట్టేసినట్టయింది. దొంగ అన్న మాట కంటే ఆ క్షమాపణే ఆమెను ఎక్కువ కోసింది. మాస్టారు అన్నది అనుమానం. బావ దాని మీద ముద్ర కొట్టేశాడు. కాలేజీ అమ్మాయి తీగల ప్యాకెట్టు నెమ్మదిగా తగిలించేసి బయటికి నడిచింది. కీబోర్డు పెద్దమనిషి దుప్పటి ముడి విప్పబోయి ఆగి, మళ్లీ గట్టిగా బిగించుకున్నాడు.

అందరూ వెళ్లాక బావ ఆమె వైపు తిరిగి, నాలుగు రోజులు కౌంటరులో కూర్చోమన్నాడు. మాట సద్దుమణిగేదాకా బల్ల జోలికి వెళ్లొద్దన్నాడు. ఊళ్లో సగం మంది గిటారు నేర్చుకున్నది మాస్టారి దగ్గరేననీ, ఆయనతో పెట్టుకుంటే కొట్టు మూసుకోవడమేననీ నచ్చజెప్పాడు.

"బావా, నేను తీశాననే అనుకుంటున్నారా?"

"నేననుకోవడం గురించి కాదు ఇప్పుడు," అన్నాడు బావ, కౌంటరు అద్దం మీద పెడల్ చేసిన గీతను బొటనవేలితో రుద్దుతూ. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

మంగళవారం టంకం అక్క తీగలమ్మింది. గిటారు మీటే బిళ్లలమ్మింది. గిటారు భుజానికి తగిలించుకునే పట్టీలు రంగుల వారీగా సర్ది, మళ్లీ పొడవుల వారీగా సర్దింది. తొమ్మిదేళ్లుగా రెండడుగుల దూరంలోనే ఉన్న కౌంటరు వేరే దేశంలా తోచింది. ఇక్కడ చేతులకు పని లేదు, మొహానికే ఉంది. నవ్వుతూ ఉండాలి. పదకొండు గంటలకు ఒకతను వచ్చి, పోయిన వారం ఇచ్చిన ఎకో పెడల్ వెనక్కిచ్చేయమన్నాడు. ఇంకా చెయ్యలేదని చెబితే పర్లేదన్నాడు, తొందరేం లేదన్నాడు, తర్వాత ఎప్పుడైనా తెస్తానన్నాడు. తొందర లేనివాడు పొద్దున్నే ఎందుకొచ్చినట్టో ఆమె అడగలేదు. మాట ఒక్క రోజులో ఊరు చుట్టి వచ్చేసిందన్నమాట.

మధ్యాహ్నం బావ భోజనానికి ఇంటికి వెళ్లాడు. ఆయన చెప్పులు సందు మలుపు తిరగడం చూసి, ఆమె తన బల్ల దగ్గరికి తానే దొంగలా వెళ్లింది. అలా వెళ్లవలసి వచ్చినందుకు ఒళ్లు మండింది.

మాస్టారి పెడల్ విప్పి దీపం కిందికి జరిపింది. పక్కన తాను రాసిన జాబ్ కార్డు పెట్టుకుంది. పెడల్ విప్పగానే ఏమేం ఉన్నాయో, ఏ వోల్టేజి ఎంత ఉందో రాసుకోవడం ఆమె అలవాటు. ఇంత రాత ఎందుకని బావ వెక్కిరిస్తూ ఉండేవాడు. కార్డు మీద స్విచ్చి, తీగ, రెండు ట్రాన్సిస్టర్లు, వాటి మీద చెరిగిపోయిన అంకెల్లో మిగిలిన రెండు అంకెలు, పాత బ్యాటరీ, దాని బదులు వేసిన కొత్త బ్యాటరీ అన్నీ ఉన్నాయి. ట్రాన్సిస్టర్లు అవే. వాటి కాళ్ల దగ్గరి టంకం ఏళ్లనాటిది, బూడిద రంగుకు తిరిగింది. ఎవరూ ముట్టుకోలేదని చూస్తేనే తెలుస్తుంది. కానీ చూస్తే తెలిసేది ఆమెకు. మాస్టారికి చూపిస్తే, నీ పనే కదా, పాతదానిలా కనబడేట్టు చెయ్యడం నీకు రాదా అంటారు. అనుమానం వచ్చిన మనిషికి రుజువు కూడా మాయలాగే కనిపిస్తుంది.

మీటరు సూదులు పట్టుకుని ఒక్కో చోటా తాకించి చూసింది. ఎక్కడ ఎంత ఉండాలో అంతే ఉంది. అసలు ఇంత సరిగ్గా ఉన్న పాత ఫజ్‌ను ఆమె ఈ మధ్య చూడలేదు. కొట్టు గిటారు తగిలించి, పెడల్ నొక్కి, ఒక్క స్వరం మీటింది. గట్టిగా, స్పష్టంగా, కాస్త కటువుగా మోగింది. ఫజ్ పెడల్ అంటే అంతేగా.

అప్పుడామెకు అనుమానం వచ్చి, రెండు నెలల కిందట మాస్టారి శిష్యుడెవరో పంచుకున్న వీడియో ఫోనులో వెతికి పట్టుకుంది. చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. మాస్టారు పొడుగ్గా ఒక స్వరం లాగుతున్నారు. అది మీటగానే రాలేదు. ఒక అరక్షణం తటపటాయించి, లోపల్నుంచి ఉబ్బినట్టు మెల్లగా పైకి లేచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి ఇక చాలనుకుని నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టినట్టుంది. చివరికి వచ్చేసరికి చిన్నగా దగ్గినట్టు తెగిపోయింది.

ఆమె ఇయర్‌ఫోన్లు తీసేసింది. ఇది నిజంగానే వేరే పెడల్. మాస్టారు అబద్ధం చెప్పలేదు.

తాను తియ్యలేదు. మరి ఎవరు? గురువారం ఆమె పని ముగించి ఇంటికి వెళ్లాక, శుక్రవారం మాస్టారికి ఇచ్చేదాకా ఆ డబ్బా కౌంటరు సొరుగులో ఉంది. సొరుగు తాళం బావ దగ్గర ఉంటుంది. అంత తొందరగా ఎందుకు క్షమాపణ చెప్పినట్టు? ఆ ఆలోచన వచ్చిన మరుక్షణమే తన మీద తనకు రోత పుట్టింది. చిన్నప్పుడు సైకిలు నేర్పిన బావ. ఐరన్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. మనిషిని దొంగను చెయ్యడానికి ఎంతోసేపు పట్టదని ఆమెకు తన తలలోనే తెలిసొచ్చింది. దీపం దగ్గరికి జరిపి చూసినా, భూతద్దంతో చూసినా, ట్రాన్సిస్టర్లు అవే. ఎవరూ ఏదీ తియ్యలేదు. అయినా గొంతు పోయింది.

బావ చెప్పుల చప్పుడు వినబడేసరికి ఆమె కౌంటరులో కూర్చుని పట్టీలు సర్దుతోంది.

బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే కుర్చీలో కూలబడింది. భర్త డ్యూటీ మీద వారం నుంచీ ఊళ్లో లేడు. ఇంట్లో ఉన్నది అత్తగారు ఒక్కతే. అత్తగారు రెండు రోజులుగా కోడలి కంచం కేసి చూస్తోంది కానీ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పదని తెలుసు. అందుకని పని చెప్పింది. గోడ గడియారం ఆగిపోయింది, బల్ల ఎక్కి సెల్లు మార్చమంది.

అత్తగారు దేన్నీ పారెయ్యదు. పాత సెల్లులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచి పెడుతుంది. ఆ డబ్బాలోంచి కాకుండా, మినుకుమినుకుమంటున్న చిన్న టార్చిలోంచి ఒకటి ఊడదీసి కోడలి చేతికిచ్చింది.

"ఇది అయిపోయింది కదత్తయ్యా."

"టార్చికి అయిపోయింది. గడియారానికేం తెలుసు? ఇంకో ఆరు నెలలు హాయిగా తిరుగుతుంది."

టంకం అక్క బల్ల మీద నిలబడి గడియారం వెనక సెల్లు నొక్కింది. ముల్లు కదిలింది. అత్తగారు ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని, తన పొదుపు తెలివిని తానే మెచ్చుకుంటూ మాట్లాడుతూనే ఉంది. గడియారానికి వేసినా, రిమోటుకు వేసినా ఫరవాలేదట. రేడియోకు మాత్రం పాత సెల్లులు వెయ్యకూడదట. వేస్తే వార్తలు చదివే ఆయనకు పడిశం పట్టినట్టు వస్తుందట.

టంకం అక్క బల్ల దిగలేదు.

"ఏమన్నారు?"

"పడిశం పట్టినట్టు వస్తుందన్నాను. గొంతు జీరపోతుంది. ఏం, అంత వింతా?"

గడియారం చేతిలో ఉండగానే ఆమె బల్ల మీద కూర్చుండిపోయింది. జాబ్ కార్డులో తన చేత్తో తాను రాసిన వరుస కళ్లకు కట్టింది. పాత బ్యాటరీ, ఆరు పాయింట్ ఆరు వోల్టులు. కొత్త బ్యాటరీ, తొమ్మిది పాయింట్ నాలుగు. రిపేరుకు వచ్చిన ప్రతి పెడల్‌కూ కొత్త బ్యాటరీ వేసి ఇవ్వడం కొట్టు మర్యాద. ఎవరూ అడగరు. ఆమె కూడా ఎవరినీ అడగదు. ఫజ్ పెడల్ ఒక బ్యాటరీని ఏళ్ల తరబడి చీమలా తింటుంది. మాస్టారు టేపు వేసి మూసిన రోజు నుంచి ఆ బ్యాటరీ రోజుకు కాస్త చొప్పున చస్తూ వచ్చింది. గొంతు కూడా రోజుకు కాస్త చొప్పున మెత్తబడుతూ వచ్చింది. ఆయన చెవి దాని వెంటే నడిచింది. ఏడేళ్ల పాటు కాచిన ఆ గొంతును తాను అరనిమిషంలో, మర్యాద కోసం, ఊడదీసి పారేసింది.

తప్పు జరిగింది. అయితే వాళ్లన్న తప్పు కాదు. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. అత్తగారు గడియారం పడిపోతుందేమోనని ముందుకొచ్చి పట్టుకుంది. ఆ పూట టంకం అక్క రెండోసారి అన్నం పెట్టించుకుని తింది.

గురువారం అందరికంటే ముందే కొట్టు చేరింది. తన దగ్గరున్న తాళంతో కొట్టు తీసి, మాస్టారికి ఫోన్ చేసి, పదింటికి గిటారు తీసుకుని రమ్మంది. ఎందుకో చెప్పలేదు. ఆయన సరేనన్నారు.

అయిపోయిన బ్యాటరీలన్నీ బల్ల కింద పెయింటు డబ్బాలో ఉంటాయి. దాన్ని బల్ల మీద కుమ్మరించింది. నలభై దాకా చదరపు బ్యాటరీలు. మాస్టారిది ఏదో ఇప్పుడు చెప్పడం బ్రహ్మతరం కాదు. ఒక్కోదానికీ మీటరు తాకించింది. పూర్తిగా చచ్చినవి డబ్బాలోకి, ఇంకా జీవమున్నవి ఎడమ పక్కకి, ఆరున్నర దరిదాపుల్లో ఉన్నవి కుడి పక్కకి. కుడి పక్కకి ఏడు చేరాయి. ఒకటొకటే పెడల్‌కు తగిలించి, కొట్టు గిటారు మీద ఒకే స్వరం మీటుతూ, మధ్యమధ్యలో ఫోను చెవికి ఆనించుకుని వీడియో వింటూ పోయింది. మొదటిది పీల గొంతు. రెండోది నాలుగు క్షణాలకే నోరు మూసింది. అయిదోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. స్వరం తటపటాయించి, ఉబ్బి, లేచింది.

అదే సమయానికి బావ లోపలికొచ్చి, బల్ల మీది బ్యాటరీల గుట్టనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"మాస్టారిని రమ్మన్నాను," అంది.

"నన్నడక్కుండానా? మానుతున్న పుండును మళ్లీ గెలకడం దేనికి?"

"నా తరఫున క్షమాపణ అడిగినప్పుడు మీరు నన్నడిగారా బావా?"

ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు కానీ, ఎప్పటిలా వెనక్కి ఆనుకుని కూర్చోలేదు.

మాస్టారు పదికి ముందే వచ్చారు. మొహం మాడ్చుకునే ఉన్నారు. గిటారు సంచీ విప్పడానికి చాలాసేపు తీసుకున్నారు. టంకం అక్క పెడల్‌ను కొట్టు మధ్యలో నేల మీద పెట్టింది. ముందు కొత్త బ్యాటరీతోనే వాయించమంది. ఆయన మీటగానే మొహం చిట్లించి, తీగల మీద అరచేయి వేసి అణిచేశారు. ఆమె వంగి, అడుగు రేకు జరిపి, బ్యాటరీ మార్చి, మళ్లీ మూసింది. ఆయన అటు చూడలేదు.

మాస్టారు మళ్లీ మీటారు.

ఈసారి తీగల మీద చెయ్యి పడలేదు. స్వరం సాగుతూ ఉంటే ఆయన తల కొద్దిగా వాలింది. ఇంకొకటి మీటారు. తర్వాత ఏదో పాట కాదు, కూనిరాగం కాదు, తన ఇంటి గదుల్లో ఒక్కొక్కటీ తలుపు తీసి చూసుకుంటున్న మనిషిలా వాయించుకుంటూ పోయారు. పది నిమిషాలు గడిచాయి. టంకం అక్క గోడకు ఆనుకుని నిలబడి వింది.

ఆయన ఆపి, మొదటిసారి ఆమె కళ్లలోకి చూశారు.

"మొత్తానికి తిరిగి పెట్టేశావు," అన్నారు మెల్లగా. "పోన్లే. అంతే చాలు నాకు."

ఇంత చేసీ తానే దొంగనని రుజువు చేసుకున్నట్టయిందని ఆమెకు అర్థమైంది. బావ లేవబోయాడు, ఆయన చెయ్యి వీపు వెనక్కి పోబోయింది. టంకం అక్క ఆ చేతి కేసి చూసింది. చెయ్యి ఆగిపోయింది.

ఆమె నేల మీద కూర్చుని అడుగు రేకు తీసి, ఆయన్ను కూడా కిందికి రమ్మంది. మాస్టారు మోకాళ్లు పట్టుకుంటూ, మూలుగుతూ కూర్చున్నారు. కొత్త బ్యాటరీ ఆయన అరచేతిలో పెట్టింది.

"నేను ముట్టుకోను. మీ చేత్తో మార్చండి. మార్చి వాయించండి."

"దేనికి?"

"మార్చండి మాస్టారూ."

ఆయన వేళ్లకు తీగల మీద ఉన్న నేర్పు బ్యాటరీ క్లిప్పు దగ్గర లేదు. రెండుసార్లు తిరగేసి పెట్టారు. చివరికి టిక్కుమంది. కూర్చునే గిటారు మీటారు. రేకు మీద మేకు గీసినట్టు కీచుమంది. ఆయన ఉలిక్కిపడి, ఆ బ్యాటరీ ఊడదీసి పాతది పెట్టారు. జీర గొంతు వచ్చింది. మళ్లీ కొత్తది. కీచు. మళ్లీ పాతది. అలా అయిదారుసార్లు, బొమ్మ ఎలా ఆడుతోందో తెలుసుకోవాలనుకునే పిల్లవాడిలా, మార్చి మార్చి చూశారు. తర్వాత రెండు బ్యాటరీలనూ నేల మీద పక్కపక్కన పెట్టారు.

టంకం అక్క ఇక దాచుకోలేదు.

"నేను మీ ట్రాన్సిస్టర్లు తియ్యలేదు. ఆ మాట ఎవరన్నా ఒప్పుకోను. కానీ మీ బ్యాటరీ మిమ్మల్నడక్కుండా మార్చాను. కొత్తది పెట్టాకే మీ పెడల్ గొంతు మారిందని నిన్నటిదాకా నాకే తెలియదు. ఆ తప్పు నాది. దానికి క్షమించమని నేనే అడుగుతున్నాను." ఆమె బావ వైపు తిరిగింది. "నా తప్పు నేను చెప్పుకోగలను బావా. చెయ్యని తప్పు మాత్రం నా పేరు మీద ఇంకెప్పుడూ ఒప్పుకోకండి."

బావ తల వంచుకున్నాడు. ఒప్పుకోవడం వల్ల గొడవ చల్లారుతుందనుకున్నాననీ, ఆమె మొహం చూసే ధైర్యం లేక చెయ్యి ఊపాననీ గొణిగాడు. మూడు రోజులుగా ఇంట్లో ఆమె అక్క కూడా తనతో మాట్లాడటం లేదని చేర్చాడు. అది విని ఆమెకు కాస్త ఉపశమనం కలిగిన మాట నిజం.

మాస్టారు నేల మీదే ఉన్నారు. అక్కడి నుంచే మాట్లాడారు. శనివారం పెడల్ అలా పలకగానే తనకు మొదట వచ్చిన ఆలోచన దొంగతనం కాదట. చెవులు పోయాయనుకున్నారట. తర్వాత వేళ్లు పోయాయనుకున్నారట. ఆదివారం పొద్దున పెడల్ లేకుండా ఒక్కడే కూర్చుని వాయించుకున్నారట, చెయ్యి వణుకుతోందేమో చూసుకోవడానికి.

"అరవై రెండేళ్లొచ్చాయి. ఎప్పుడో ఒకప్పుడు పోతాయని తెలుసు," అన్నారు. "ఎవరో కొట్టేశారని అనుకుంటే బావుంటుందనిపించిందమ్మా. అనుకున్నాను. అనుకున్నాక కంటి నిండా నిద్రపట్టింది. నీ నిద్ర సంగతి నాకు తట్టనే లేదు."

ఆయన కళ్లు తడిశాయి. చెవులూ వేళ్లూ తనతోనే ఉన్నాయని తెలిసిన మనిషి మొహం ఎలా ఉంటుందో అప్పుడు ఆయన మొహం అలా ఉంది. టంకం అక్కకు ఆయన మీద మిగిలిన కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. కొంచెం ఉంచుకుందామనుకుంది, కుదరలేదు.

ఆ పాత బ్యాటరీ శనివారం ప్రోగ్రాం మధ్యలో కన్నుమూస్తే ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. లోపల ఒక చిన్న నాబ్ బిగిస్తే, కొత్త బ్యాటరీని కూడా కావలసినంత నీరసపరచవచ్చని ఆమె చెప్పింది. కుడికి తిప్పితే ఆరోగ్యం, ఎడమకు తిప్పితే పడిశం. కాకపోతే పూర్తిగా విప్పాలి, డబ్బాకు చిన్న కన్నం పెట్టాలి. ఆ మాట అని ఆగింది. ఈసారి అడక్కుండా మరమేకు ముట్టుకునే ఉద్దేశం లేదు.

"విప్పు," అన్నారు మాస్టారు.

బావ బయటూరు పార్సిలు కోసం తెచ్చిన అట్టపెట్టెను మడిచి మూల పడేశాడు. ఆమె తన బల్ల దగ్గర తన కుర్చీ జరుపుకుని కూర్చుంది. కన్నం పెట్టింది, తీగ కోసింది, టంకం వేసింది. వేడెక్కిన టంకం వాసన మూడు రోజుల తర్వాత ముక్కుకు తగిలితే ప్రాణం లేచొచ్చింది. నాబ్ ఎంత తిప్పాలో మాస్టారి చెవికే వదిలేసింది. ఆయన వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, వింటూ, ఒకచోట ఆగి, అక్కడ తెల్ల రంగుతో గుర్తు పెట్టమన్నారు. పెట్టింది.

పని అయిపోయినా మాస్టారు వెళ్లలేదు. కౌంటరు ఇవతల స్టూలు లాక్కుని కూర్చున్నారు. సోమవారం విన్న ఇద్దరికీ తానే ఫోన్ చేస్తానని, నంబర్లు బావ దగ్గర రాయించుకున్నారు. అయినా కదల్లేదు. ఏం కావాలని బావ అడిగితే, ఎవరైనా రావాలన్నారు.

"అన్నది ఈ కౌంటరు దగ్గర, జనం ముందు. వెనక్కి తీసుకోవలసింది కూడా ఇక్కడే కదా."

మిట్టమధ్యాహ్నం ఎండకు కొట్టులోకి ఈగ కూడా రాలేదు. బావ భోజనానికి వెళ్లకుండా టీ తెప్పించాడు. మాస్టారు టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పరీక్షకు కూర్చున్నవాడిలా తలుపు వైపే చూస్తూ ఉన్నారు. ఇక చాలు వెళ్లండని టంకం అక్క రెండుసార్లు చెప్పింది. ఆయన వినిపించుకోలేదు.

రెండు దాటాక కొరియర్ అతను వచ్చాడు. చెమట తుడుచుకుంటూ ఒక పెట్టె కౌంటరు మీద పెట్టి, సంతకం కోసం ఫోను ముందుకు చాచాడు. మాస్టారు స్టూలు మీంచి లేచి చొక్కా సర్దుకున్నారు.

"బాబూ, ఒక్క నిమిషం. సోమవారం నేను ఇక్కడ నిలబడి ఈ అమ్మాయిని దొంగ అన్నాను. ఈమె దొంగ కాదు. తప్పు నాది."

కొరియర్ అతను మాస్టారిని చూశాడు. బావను చూశాడు. చెక్క అడ్డు వెనక, ఒక చేతిలో ఐరన్, ఇంకో చేతిలో టంకం చుట్టతో బిగుసుకుపోయి ఉన్న ఆమెను చూశాడు. తనకు సంబంధం లేని ఇంటి గొడవలోకి పొరపాటున వచ్చి పడ్డానని అతనికి అర్థమైంది. అయినా మర్యాద గల మనిషి, విని ఊరుకోవడం బాగుండదనుకున్నాడు.

"మంచిది సార్," అన్నాడు. "ఇంతకీ ఏం పోయింది సార్?"

మాస్టారు పెడల్ కేసి చూశారు. తన వేళ్ల కేసి చూసుకున్నారు.

"ఏమీ పోలేదు," అన్నారు.

టంకం అక్క నవ్వింది. ఆపుకుందామంటే ఆగలేదు, నవ్వుతూనే కళ్లు నిండాయి, రెండు చేతులూ పనిలో ఉండటం వల్ల మోచేత్తో తుడుచుకుంది. తర్వాత తల వంచి, ఎకో పెడల్ అతనికి ఫోన్ చెయ్యాలని కార్డు మీద రాసుకుంది.